శనివారం క్విజ్‌లో బజర్ ఎందుకు పెట్టలేదంటే

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

ఈ నెల డైరీల్లో, ఫోన్లలో నన్ను ఎక్కువమంది అడిగింది ఫీజుల గురించీ కాదు, బస్సు టైమింగ్ గురించీ కాదు. శనివారం చివరి పీరియడ్‌లో పిల్లలు ఆడుతున్న క్విజ్ ఆట గురించి. "టీవీ షోలాగా కేకలంట, మరి చదువు ఎప్పుడండీ" అని కొందరు, "మా వాడికి బజర్ ఎందుకివ్వలేదు" అని ఇంకొందరు. రెండోదానికి జవాబు చిన్నది. బజర్ ఎవరికీ లేదు. మొదటిదానికి కాస్త ఎక్కువ రాయాలి, ఓపిగ్గా చదవండి.

బజర్ పెడితే క్లాసులో చురుగ్గా ఉండే ఇద్దరు ముగ్గురే నొక్కుతారు, మిగతా అందరూ చప్పట్లు కొట్టడానికి మిగులుతారు. టీవీకి అది సరిపోతుంది, అక్కడ చూసేవాళ్లే కావాలి. మాకు చూస్తూ కూర్చునే పిల్లలే అసలు సమస్య. అమెరికాలో మేరీ బడ్ రో అనే ఆవిడ 1970ల్లో సైన్స్ క్లాసులు రికార్డు చేసి వింటే, ప్రశ్న అడిగాక టీచరు ఆగేది సుమారు ఒక్క సెకను అని తేలింది. దాన్ని మూడు సెకన్లకు పెంచితే చాలు, జవాబులు పెద్దవయ్యాయి, మాట్లాడని పిల్లలు కూడా నోరు విప్పారు. బజర్ చేసేది సరిగ్గా దీనికి ఉల్టా, ఉన్న ఆ ఒక్క సెకనూ లాగేసుకుంటుంది. ర్యాంకుల హోర్డింగులు చూస్తూ పెరిగే బెజవాడ పిల్లలకి తొందర మళ్లీ మేం నేర్పాలా చెప్పండి.

అందుకే మన ఆటలో అందరి దగ్గరా పలక ఉంటుంది. ప్రశ్న వినిపిస్తాం, కాసేపు నిశ్శబ్దం, ఎవరికి వారు ఎ, బి, సి, డి రాసుకుని పలక బోర్లా పెట్టుకుంటారు, "చూపించు" అనగానే అందరూ ఒక్కసారిగా పైకెత్తుతారు. ఈ ఒక్కసారిగా అన్నదే ముఖ్యం, లేకపోతే మొదటి బెంచీ వాళ్ల పలక చూసి వెనకవాళ్లు దిద్దేసుకుంటారు. (దిద్దేసుకుంటారని నాకెలా తెలుసంటే, నేనూ చివరి బెంచీయే.) ఫోన్లలో ఆడే కహూట్ లాంటి క్విజ్ యాప్‌లు మంచివే, కానీ పిల్లలందరి చేతుల్లో ఫోన్లు పెట్టడం మాకిష్టం లేదు, పైగా అందులో మామూలుగా త్వరగా నొక్కినవాళ్లకే ఎక్కువ పాయింట్లు.

"మీలో ఎవరు కోటీశ్వరుడు" 2014లో తెలుగులో మొదలైనప్పుడు మీలో చాలామంది చూసే ఉంటారు. అందులో ఆడియన్స్ పోల్ గుర్తుందా? ఈ షో అమెరికాలో కొత్తగా వచ్చినప్పుడు లెక్క తీస్తే, ఫోన్ చేసి అడిగిన స్నేహితుడు చెప్పింది సుమారు 65 శాతం సార్లు సరైతే, హాల్లో కూర్చున్న మామూలు జనం 91 శాతం సార్లు సరిగ్గా చెప్పారు. ఇందులో మాయేమీ లేదు. తెలియనివాళ్ల ఓట్లు నాలుగు ఆప్షన్లకీ చెదిరిపోతాయి, తెలిసినవాళ్లు కొందరే ఉన్నా వాళ్ల ఓట్లన్నీ ఒకేచోట పడతాయి. అయితే అందరూ కలిసి ఒకే తప్పు నమ్ముతుంటే మాత్రం ఆ లెక్క తిరగబడుతుంది, క్లాసులో మాకు పని దొరికేది అక్కడే.

ఎనిమిదో తరగతిలో సోషల్ టీచర్ అడిగిన ప్రశ్న చెబుతాను. 2024 సెప్టెంబరులో మన బెజవాడ సింగ్ నగర్‌ను ముంచిన నీళ్లు ఎక్కడివి? కృష్ణా నది, బుడమేరు వాగు, పులిచింతల ప్రాజెక్టు, సముద్రం. (వరదలో సామాను పోయిన ఇళ్ల పిల్లలు క్లాసులో ఉన్నారు, ఆ ప్రశ్న అడగొచ్చా అని టీచర్ వాళ్లను ముందే విడిగా అడిగారు.) పలకలు లేస్తే ఎక్కువ భాగం కృష్ణే. తప్పు లేదు, ఆ రోజుల్లో ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులు అని టీవీల్లో మోగిపోయింది కదా. టీచర్ తప్పో ఒప్పో చెప్పలేదు, పక్కవాళ్లతో మాట్లాడుకోమన్నారు. సింగ్ నగర్ అమ్మాయి ఒకతి లేచి, నీళ్లు వచ్చింది నది వైపు నుంచి కాదు, బుడమేరుకి గండ్లు పడి వచ్చాయని, మీ ఇంటికి ఏ వైపు నుంచి వచ్చాయో చూశారా అని గట్టిగా వాదించింది. రెండోసారి ఓటు వేయమంటే పలకలన్నీ దాదాపు బుడమేరు. ఆ తర్వాతే టీచర్ మ్యాప్ తీసి, బుడమేరు కొల్లేరుకి ఎలా పోతుందో చూపించారు. ఇలా ఓటు, చర్చ, మళ్లీ ఓటు అనే పద్ధతిని హార్వర్డ్‌లో ఫిజిక్స్ చెప్పే ఎరిక్ మజూర్ 1990ల మొదట్లోనే పెద్ద క్లాసుల్లో మొదలుపెట్టారు.

ఇక "ఆట బదులు ఇంకోసారి చదివిస్తే పోదా" అన్నవాళ్లకి. 2006లో రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు ఒకే పాఠాన్ని కొందరితో మళ్లీ చదివించారు, కొందరి చేత చూడకుండా గుర్తుచేసుకుని రాయించారు. అయిదు నిమిషాల తర్వాత మళ్లీ చదివినవాళ్లే ముందున్నారు. వారం తర్వాత అడిగితే గుర్తుచేసుకుని రాసినవాళ్లు దాటిపోయారు. మర్నాడు పొద్దున పరీక్ష పెట్టుకుని రాత్రంతా చదివించే ఇళ్లకి ఈ అయిదు నిమిషాల సంగతే కనిపిస్తుంది, వారం సంగతి కనిపించదు.

గెలిచినవాళ్లకి చాక్లెట్లు కూడా ఆపేశాం. స్కోరు క్లాసు మొత్తానికి కలిపి వేస్తున్నాం, పోయిన వారం కన్నా పెరిగిందా లేదా అని. కేకలు మాత్రం ఆపలేం, పక్క సెక్షన్ వాళ్లకి ఇబ్బంది కాకుండా హాల్లో ఆడిస్తున్నాం.

వచ్చే పేరెంట్స్ మీటింగ్‌లో ఒక రౌండు మీకే. పలకలు మేమే ఇస్తాం, ఫోన్లు జేబుల్లోనే ఉండనివ్వండి. మీ పిల్లలు వెనక నిలబడి చూస్తారు, కాబట్టి టెన్షన్ ఉంటుంది మరి! ప్రశ్నలు కూడా మీరు పంపొచ్చు, మీ షాపులోంచి, పొలంలోంచి, వంటింట్లోంచి, పిల్లలు తప్పు చెబుతారని మీకు అనిపించినవి డైరీలో రాయండి, నాలుగు ఆప్షన్లతో సహా. సినిమా ప్రశ్నలు మాత్రం వద్దు, అవి మీ పిల్లలు ఇప్పటికే కుప్పలు తెప్పలుగా ఇచ్చారు.

మీ హెడ్ మిస్ట్రెస్