బడికి వచ్చిన టీచరుకే మెమోనా?

సంపాదకులకు నమస్కారం.

పోయిన వారం మీ చెన్నై పేజీలో మా ఉత్తర చెన్నై తెలుగు మీడియం బడి మీద ఫొటోతో సహా వేసిన వార్త గురించి ఈ ఉత్తరం. ఆ రోజే రాద్దామనుకున్నాను. కోపంలో మాట తూలుతుందని ఆగాను. ఇన్ని రోజులైనా కోపం తగ్గలేదు, ఇక ఆగడం దండగ.

‘తరగతి గదా, చేపల మార్కెట్టా?’ అని పెట్టారు శీర్షిక. కాశిమేడులో చేపల వేలం ఇంతకంటే పద్ధతిగా జరుగుతుంది, అది వేరే సంగతి. బెంచీలెక్కిన పిల్లలు, మధ్యలో నిస్సహాయంగా నిలబడ్డ సైన్స్ టీచరమ్మ. ఎవరో కిటికీలోంచి ఫోన్లో తీసిన బొమ్మ. మర్నాటికల్లా ఆవిడ చేతిలో మెమో! కుళాయి పాడైందని హెడ్‌మాస్టరు రాసిన కాగితానికి మాత్రం ఇంతవరకూ జవాబు లేదట.

అది ఆవిడ క్లాసు కాదన్న ముక్క మీ వార్తలో ఏ మూలా లేదు. ఎనిమిదో తరగతి తమిళం టీచరమ్మ ప్రసూతి సెలవులో ఉంది. ఇంకో మాస్టారు ఓటర్ల జాబితా పట్టుకుని వీధులు తిరుగుతున్నాడు. ఉన్న సైన్స్ టీచరమ్మ తన ఏడో తరగతిని కూడా తెచ్చి ఎనిమిదిలో కూర్చోబెట్టుకుంది. ఈ విషయం ఆ వీధిలో అందరికీ తెలుసు, మీ విలేకరికి తప్ప.

ముప్పై ఏళ్లకు పైగా పాఠాలు చెప్పినవాణ్ణి కాబట్టి చెబుతున్నాను. వేరేవాళ్ల క్లాసుకు వెళ్లిన మాస్టారికి మొదటి గండం పేర్లు. ‘నీ పేరేంట్రా?’ అంటే వాడు నిక్షేపంగా పక్కవాడి పేరు చెబుతాడు. క్లాసంతా కిసుక్కుమంటుంది. ‘మిస్, మాకిప్పుడు పీఈటీ పీరియడు’ అని ఒకడు, నిన్నటి హోంవర్కు రద్దయిందని మరొకడు. ఒకడు నీళ్లకు వెళ్తే వెనకాలే నలుగురికి దాహం. వెనక బెంచీ నుంచి జామెట్రీ బాక్సు దడాలున కింద పడుతుంది, పడేసినవాడెవడో దేవుడికి కూడా తెలియదు. సొంత క్లాసులో అయితే కంటి చూపుతో ఆపేయొచ్చు, వాడి ఇల్లెక్కడో వాళ్ల నాన్న ఏం పని చేస్తాడో తెలుసు కాబట్టి. పరాయి క్లాసులో ఆ పలుకుబడి ఉండదు. గంట కొడితే వెళ్లిపోయే మనిషని పిల్లలకు బాగా తెలుసు. పైగా ఆ గంటలోనే ఎమిస్ అనే విద్యాశాఖ యాప్‌లో పిల్లలదో బడిదో ఏదో ఒక వివరం ఎక్కించమని ఫోను మోగుతూ ఉంటుంది.

బెత్తం పట్టుకోమని నేననడం లేదు. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ కొట్టడమే కాదు, మనసు గాయపరచడమూ తప్పంది. సరే, మంచిదే. అదే చట్టం షెడ్యూలులో ఆరు నుంచి ఎనిమిది తరగతుల్లో ముప్పై అయిదుమందికి ఒక టీచరుండాలని రాసుంది. రెండు క్లాసులు ఒకే గదిలో కుక్కినప్పుడు ఆ లెక్క ఏ అధికారికీ గుర్తుకు రాలేదు. సెక్షన్లు టీచరు మీదికి వచ్చేటప్పుడే అందరికీ కంఠతా వస్తాయి కాబోలు!

అసలు కిటుకు ఇక్కడుంది. మంజూరైన పోస్టుల్లో పది శాతానికి మించి ఖాళీలు ఉండకూడదని 26వ సెక్షన్ చెబుతుంది. కానీ ప్రసూతి సెలవు ఖాళీ కిందికి రాదు కదా! కాగితం మీద మనిషి ఉంది, జీతం పడుతోంది, గదిలో మాత్రం కుర్చీ ఖాళీ. బదులు ఒకరిని పంపమని అడిగితే ‘పోస్టు ఖాళీగా లేదు కదండీ’ అన్నారట ఆఫీసులో. ఈ రాష్ట్రంలో ప్రభుత్వోద్యోగినులకు ప్రసూతి సెలవు 2016లో తొమ్మిది నెలలైంది, 2021లో పన్నెండు నెలలైంది. ఆ తల్లి సెలవును తప్పుపట్టేవాడికి బుద్ధి లేనట్టే. ఆ పన్నెండు నెలలూ పిల్లలకు పాఠం ఎవరు చెబుతారో ఉత్తర్వుతో పాటే ఆలోచించాల్సింది ప్రభుత్వం కాదా? నిజంగా ఖాళీ అయిన పోస్టులకైనా చేసిందేమిటి? 2022లో స్కూల్ మేనేజ్‌మెంట్ కమిటీల (ఎస్ఎంసీల) ద్వారా తాత్కాలికంగా తీసుకోమన్నారు. అప్పుడు చెప్పిన జీతం బీటీ (డిగ్రీ, బీఈడీ చేసిన) టీచరుకు నెలకు 10,000, సెకండరీ గ్రేడు (చిన్న తరగతుల) టీచరుకు 7,500. ఆ డబ్బుకు బీఈడీ చేసి, తెలుగులో పాఠం చెప్పగలిగిన మనిషిని చెన్నైలో వెతికి తెమ్మనండి, చూద్దాం.

ఇక ఎన్నికల పనంటారా, 27వ సెక్షనే జనగణనకూ విపత్తులకూ ఎన్నికలకూ టీచర్లను వాడుకోవచ్చని తలుపు తీసి పెట్టింది. ఓటర్ల జాబితా అంటే ఏటా ఉండే వ్యవహారమే. టీచరు లేని క్లాసు సంగతి ఏ జాబితాలోనూ ఉండదు.

ఇంకో తమాషా. రాష్ట్ర ప్రభుత్వం 2006లో తెచ్చిన తమిళం చట్టంతో ఒకటో తరగతి నుంచి మొదలుపెట్టి ఏటా ఒక్కో తరగతి చొప్పున తమిళం తప్పనిసరి చేసుకుంటూ వచ్చారు, 2015-16కి పదో తరగతికి చేరింది. తెలుగు బడులు మినహాయింపు కోసం కోర్టుల చుట్టూ తిరిగాయి. మన పిల్లలు తమిళం నేర్చుకోవాల్సిందే, పుట్టి పెరిగిన ఊరు ఇది, నాకు అభ్యంతరం లేదు. కానీ తప్పనిసరి అన్న భాషకే టీచరు లేక, ఆ పీరియడులో సైన్స్ టీచరమ్మ కాపలా కాస్తుంటే దాన్నేమనాలి? ఎక్కడో ఏసీ గదుల్లో సర్క్యులర్లు రాసేవాళ్లను ఒక్క రోజు ఆ ఎనిమిదో తరగతిలో అయిదో పీరియడుకు నిలబెడితే బాగుండును. మధ్యాహ్నం అన్నం తిన్న తర్వాత, ఫ్యాను ఆగిపోయినప్పుడు.

తల్లిదండ్రులకూ ఒక మాట. టీచరమ్మ మీద ఫిర్యాదుకు గుంపుగా వెళ్లినవాళ్లు, సెలవు పెట్టినవారి స్థానంలో ఎవరినైనా పంపమని ఎస్ఎంసీలో తీర్మానం రాయించడానికి ఎందుకు వెళ్లరు? కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలని చట్టం. సంతకం పెట్టి మిక్చరు పొట్లం తీసుకుని ఇంటికెళ్లడానికేనా ఆ కమిటీ?

ముందు ఆ మెమో వెనక్కి తీసుకోవాలి. ఆ టీచరమ్మ ఇవ్వాల్సిన సంజాయిషీ ఏమీ లేదు. పోయిన రెండు నెలల్లో ఆ బడిలో ఏ పీరియడుకు ఎవరిని సర్దారో ఆ రిజిస్టరు తెప్పించి చూడమని మీ విలేకరికి చెప్పండి. దాన్ని మీరు అచ్చు వేస్తే సంజాయిషీ ఎవరి దగ్గర్నుంచి తీసుకోవాలో విద్యాశాఖకు నేను చెప్పక్కర్లేదు.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
వ్యాసర్పాడి, చెన్నై