అది డిస్నీ కార్టూన్ కాదు

సంపాదకుల వారికి,

పోయిన ఆదివారం కాక అంతకుముందు ఆదివారం మా పార్కులో పిల్లలకు వేసిన పాత కార్టూన్ గురించి మీ జిల్లా పేజీలో రాశారు. ఫొటోలో తొమ్మిది మంది పెద్దలు, శాలువాలతో సహా. పిల్లాడు ఒక్కడూ లేడు. కింద ‘డిస్నీ వారి అలనాటి కార్టూన్’ అని వేశారు. సవరణ వస్తుందేమోనని పది రోజులు చూసి, ఇక ఉండబట్టలేక రాస్తున్నాను.

అది ‘బెలూన్ లాండ్’. 1935 నాటిది. తీసింది అబ్ ఐవర్క్స్ సొంత స్టూడియో. మొదట్లో మిక్కీ మౌస్‌ను గీసిన చెయ్యి ఈయనదే. 1930లో డిస్నీని వదిలి వేరు కుంపటి పెట్టుకున్నాడు. ఆరేళ్లకే అది ఆరిపోయింది. తొంభై ఏళ్ల తర్వాత బెజవాడలో కూడా ఆయన పేరు డిస్నీ ఖాతాలోకే పోవాలా?

ఏడు నిమిషాల బొమ్మ. ఆ ఊళ్లో మనుషులంతా బూరలే. వాళ్ల గండం ఒంటినిండా గుండుసూదులున్న పిన్‌కుషన్ మనిషి. వాడు ఊళ్లోకి చొరబడి కనిపించిన బూరనల్లా టప్ టప్‌మని పేలుస్తుంటే, మా మనవడు బీసెంట్ రోడ్డులో కొనుక్కున్న తన బూరను గబుక్కున నా పంచె వెనక దాచేశాడు. ఇంతకంటే రివ్యూ ఏం కావాలి?

నేను ముప్పై ఏళ్లు బడిలో డ్రాయింగ్ చెప్పినవాణ్ని. నా కన్ను రంగుల మీదే ఉంది. అది సినీకలర్ అనే రెండు రంగుల పద్ధతి. మూడు రంగుల టెక్నీకలర్‌ను కార్టూన్లకు వాడే హక్కు అప్పట్లో కొన్నేళ్లు డిస్నీ గుప్పిట్లోనే ఉండేది. ఎరుపు వైపొకటి, నీలం వైపొకటి, ఆ రెండింటితోనే నెట్టుకొచ్చాడు ఐవర్క్స్ మహానుభావుడు. అయినా బూర ఉబ్బినట్టే ఉంది, వేలితో నొక్కితే లోపలికి పోయేటట్టుంది. అదంతా గీతలో ఉన్న పనితనం.

మరి మనవాళ్లు చేసిందేమిటి? ఆరింటికని పిలిచి ఏడుంబావుకు మొదలుపెట్టారు. ఏడు నిమిషాల బొమ్మకు యాభై నిమిషాల ప్రసంగాలు. ఒకాయనైతే డ్రైనేజీ పనుల ప్రగతి వివరించారు, ఆరేళ్ల పిల్లలకు! దోమలు మాత్రం శ్రద్ధగా విన్నాయి. తెర పక్కనే వీధి దీపం. ఆర్పమంటే ఆ స్విచ్చి తమ పరిధిలో లేదన్నారు. సగం బొమ్మ ఆ వెలుగులో వెలిసిపోయింది.

ఒకప్పుడు హాల్లో అసలు సినిమాకు ముందు కేంద్ర ప్రభుత్వ సంస్థ ఫిలిమ్స్ డివిజన్ వాళ్ల న్యూస్‌రీలు పడేది. 1974లో ‘ఏక్ అనేక్ ఔర్ ఏక్‌తా’ అనే చక్కటి బొమ్మల సినిమా అందించింది కూడా ఆ సంస్థే. ఆ సంస్థనూ 2022లో జాతీయ చలనచిత్ర అభివృద్ధి సంస్థ అయిన ఎన్‌ఎఫ్‌డీసీలో కలిపేశారు. ఇప్పుడు హాలుకెళ్తే ముందు చూడాల్సింది బంగారం కొట్ల ప్రకటనలు.

పార్కులో మళ్లీ బొమ్మ వేస్తే దీపం ఆర్పించండి. ప్రసంగాలు పిల్లలు ఇళ్లకు వెళ్లాక పెట్టుకోండి. మీరు సవరణ వేసేటట్టయితే పేరు కలిపి రాయండి. ‘ఐ వర్క్స్’ అని విడదీసి ఆయన్ని కళ్లద్దాల షాపు చేయకండి.

– విశ్రాంత డ్రాయింగ్ మాస్టారు, సత్యనారాయణపురం, విజయవాడ