1770 నాటిదని రాసింది నేనే, తప్పూ నాదే

మూడు వారాల క్రితం మా కొట్టుకు వచ్చిన తెల్ల డయల్ నిలువు గడియారాన్ని 1770 నాటిదని రాసి ఫోటోలు పెట్టాను. అది తప్పు. మీలో ఒకరు అడ్వాన్సు కూడా ఇచ్చారు కనుక విషయం అందరికీ చెప్పేస్తున్నాను.

ఆ సంవత్సరం రాసేటప్పుడే నాకు తట్టి ఉండాల్సింది. ఇనుప రేకు మీద తెల్ల రంగు వేసిన ఈ డయళ్లను బర్మింగ్‌హామ్‌లో ఆస్బోర్న్, విల్సన్ అనే ఇద్దరు అమ్మకానికి పెట్టిందే 1772లో. అంతకు ముందు ఇక్కడ ఇంగ్లండ్‌లో నిలువు గడియారాలకు ఎక్కువగా ఇత్తడి డయళ్లే. నాకు అమ్మినాయన మాట పట్టుకుని, ఏమీ విప్పి చూడకుండా రాసేశాను.

మొన్న ఆదివారం నూనె వేద్దామని యంత్రాన్ని కిందికి దించాను. డయల్‌కూ యంత్రానికీ నడుమ ఒక పోత ఇనుప పలక ఉంది. ఎక్కడో తయారైన డయల్‌ను ఇంకెక్కడో చేసిన యంత్రానికి సులువుగా బిగించుకోవడానికి పెట్టేవారు దాన్ని. జిడ్డు తుడిచేసరికి ఉబ్బెత్తు అక్షరాలు వేలికి తగిలాయి: ‘విల్సన్’. పక్కన ఆస్బోర్న్ లేడు. ఆ ఇద్దరూ విడిపోయింది 1777లో, విల్సన్ చనిపోయింది 1809లో. మన డయల్ ఆ మధ్యది.

మరి డయల్ మీద ఉన్న యార్క్‌షైర్ వ్యాపారి పేరో? ఊళ్లలో గడియారాలు అమ్మేవాళ్లు చాలామంది ఇలా బర్మింగ్‌హామ్ డయల్ తెప్పించి తమ పేరు వేయించుకునేవారు. అందులో మోసమేమీ లేదు, అప్పటి పద్ధతే అది. కొందరు ఫోన్ చేసి, లండన్‌లో పేరుమోసిన గడియారాల నిపుణుడు ‘టాంపియన్‌దా?’ అని అడిగారు. 1713లో పోయిన ఆ మహానుభావుడి పనితనం మ్యూజియాల్లో ఉంటుంది, నా కొట్టు దాకా ఎందుకు వస్తుంది!

ఇంకో సంగతి. యంత్రాన్ని నిలిపే చెక్క కింద రెండు పక్కలా కొత్త చెక్క ముక్కలు పెట్టి ఎత్తు సరిపెట్టారు. అంటే యంత్రాన్ని ఉంచిన ఓక్ పెట్టె వేరే గడియారానిది. ధర మీద అన్నింటికన్నా పెద్ద దెబ్బ ఇదే.

అందుకే 1,450 పౌండ్ల నుంచి 900కు దించాను. అడ్వాన్సు ఇచ్చినవారికి మొత్తం వెనక్కి ఇస్తాను. కొత్త ధరకు కావాలంటే వారికే మొదట. యంత్రానికి మాత్రం వంక లేదు. వారానికి ఒకసారి కీ ఇస్తే చాలు, నిన్న రాత్రి పన్నెండు గంటలూ లెక్క తప్పకుండా కొట్టింది.