'పొట్ట నొక్కవద్దు' అని రాసిన సిస్టర్‌కి, ఇంకా చాలామందికి

పోయిన మంగళవారంతో మా పాపకి ఆఖరి కీమో అయిపోయింది. ఆపరేషన్‌కి ముందు 4 వారాలు, తర్వాత 27 వారాలు. ఇన్నాళ్లూ ఫోన్ చేసినవాళ్లకి సరిగ్గా జవాబు చెప్పలేదు, ఏమీ అనుకోకండి. ఇవాళ కూర్చుని అందరికీ ఒకేసారి చెబుతున్నాను.

మొదటి దండం మా అత్తమ్మకి. మూడున్నరేళ్ల పిల్లకి నీళ్లు పోస్తుంటే ఎడమ డొక్కలో ఏదో గట్టిగా చేతికి తగిలింది. నొప్పి లేదు, జ్వరం లేదు, పిల్ల గెంతుతూనే ఉంది. దగ్గర్లో చూపిస్తే నులిపురుగులని మాత్ర ఇచ్చి పంపారు. నేను నమ్మేశాను. "పురుగులైతే ఒక్క పక్కనే ఎందుకుంటాయే?" అంటూ స్కానింగ్ తీయించేదాకా అత్తమ్మ ఊరుకోలేదు. కిడ్నీలో గడ్డ ఉందన్నారు. విల్మ్స్ ట్యూమర్, అంటే చిన్నపిల్లల కిడ్నీకి వచ్చే ఒక రకం క్యాన్సర్. 1899లో దీని మీద పుస్తకం రాసిన మాక్స్ విల్మ్స్ అనే జర్మన్ సర్జన్ పేరే దీనికి పెట్టారట. ఎక్కువగా ఐదేళ్లలోపు పిల్లలకే వస్తుంది.

హైదరాబాద్‌లో చేర్చిన రోజే సిస్టర్ మంచానికి ఒక అట్టముక్క కట్టింది: 'పొట్ట నొక్కవద్దు'. చూడ్డానికి వచ్చిన ప్రతివాళ్లూ "ఏదీ, ఎక్కడ?" అంటూ చెయ్యి వేయబోతారు కదా (అంతకుముందు నేనూ రోజుకి పదిసార్లు వేసి చూసుకున్నదాన్నే). గడ్డ పగిలితే కణాలు పొట్టలో చిందుతాయి, స్టేజీ (జబ్బు ఎంతవరకు పాకిందో చెప్పే లెక్క) మూడు అయిపోతుంది, మందులు పెరుగుతాయి, రేడియేషన్ కూడా పెట్టాల్సి వస్తుంది. స్టేజీ అంటే నుదుటిరాత అనుకుంటున్న నాకు, అందులో కొంత మనుషుల చేతుల్లోనూ ఉంటుందని ఆ అట్టముక్క చూశాకే తెలిసింది.

సర్జన్ గారూ, కీమోతో గడ్డ కుదించుకుపోయాక కిడ్నీతో సహా చెక్కుచెదరకుండా తీశారు. పక్కనున్న లింఫ్ గ్రంథులు (జబ్బు పాకితే ముందు చేరే చిన్న గ్రంథులు) కూడా ఏడు తీసి పరీక్షకి పంపారు. బాగానే ఉన్నాయన్నారు కదా, మళ్లీ తీయడం ఎందుకని అడిగాను. "కంటికి బాగున్నవాటిలోనూ జబ్బు దాక్కుంటుందమ్మా. చూడకుండా వదిలేస్తే స్టేజీ తక్కువనుకుని మందు తక్కువ ఇస్తాం" అన్నారు. నా తెలివితక్కువ ప్రశ్నలకి విసుక్కోకుండా కాగితం మీద బొమ్మ గీసి చూపించినందుకు మీకు ప్రత్యేకంగా నమస్కారం.

నేను ముఖం కూడా చూడని పెథాలజిస్టు గారికి ఏం చెప్పాలో తెలియడం లేదు. రిపోర్టు కోసం చూసిన ఎనిమిది రోజులూ అన్నం సయించలేదు. మైక్రోస్కోపు కింద మీరు వెతికింది అనాప్లేసియా కోసమట. అంటే కణాల్లో కేంద్రకాలు మామూలు కంటే మూడింతలు పెరిగి, నల్లబడి, అడ్డదిడ్డంగా చీలుతూ కనబడటం. అది గడ్డంతా పరుచుకుని ఉంటే మామూలు కీమోకి లొంగదు. స్టేజీ కంటే దీని గురించే ఎక్కువ టెన్షన్ అని డాక్టరమ్మ ముందే చెప్పారు. రిపోర్టులో 'అనాప్లేసియా లేదు' అని ఒక్క లైన్. స్టేజీ రెండు, ఏడు గ్రంథుల్లోనూ ఏమీ లేదు, సీటీ స్కాన్‌లో ఊపిరితిత్తులు శుభ్రం. ఆ కాగితం పట్టుకుని మెట్ల మీదే కూలబడ్డాను. ఇలాంటి రిపోర్టు వచ్చిన పిల్లల్లో పదిమందిలో తొమ్మిదిమంది దాకా నయమైపోతారని డాక్టరమ్మ అన్నారు. ఆ పదో బిడ్డ గురించి ఇప్పటికీ రాత్రిళ్లు ఆలోచిస్తూనే ఉంటాను, అది వేరే సంగతి.

ఆరోగ్యశ్రీ కాగితాల కోసం మా వెంట తిరిగిన ఆరోగ్యమిత్ర తమ్ముడికి, పేరు కూడా చెప్పకుండా రక్తమిచ్చి వెళ్లిన ఇద్దరు కాలేజీ పిల్లలకి, విన్‌క్రిస్టిన్ అనే కీమో మందు ఎక్కాక మలబద్ధకంతో పాప ఏడుస్తుంటే అర్ధరాత్రి వేడినీళ్లు తెచ్చిన ఆయమ్మకి దండాలు. ఆ విన్‌క్రిస్టిన్ మా వాకిట్లో పూసే బిళ్ళగన్నేరులోంచే తీస్తారట! అది విని ఆకు పసరు పోద్దామని బయలుదేరిన పెద్దమ్మకి మాత్రం వేరే రకం దండం పెట్టి ఆపాను.

ఇక మూడు నెలలకోసారి స్కాన్ ఉంటుంది. ఉన్న ఒక్క కిడ్నీ చక్కగా పనిచేస్తోంది. తల మీద నూగు నూగుగా జుట్టు వస్తోంది, అద్దం ముందు నుంచి కదలదు.

కింది వాటా అక్కా, ఆసుపత్రికి నువ్వు పప్పన్నం పంపిన స్టీలు క్యారియర్ ఇంకా మా దగ్గరే ఉంది. ఆదివారం పాపే తెచ్చిస్తానంటోంది.