ఆపరేషన్ ఒక్కటే దారి కాదు, కాపర్ టీ సంగతీ చెప్పండి

సంపాదకులకు నమస్కారం.

జులై 11 జనాభా దినోత్సవం వచ్చిందంటే జిల్లా పేజీ నిండా ర్యాలీల ఫొటోలే ఉంటాయి. బ్యానర్ పట్టుకున్న అధికారులు, వెనకాల ఎండలో ఆశ అక్కలు, కింద చిన్న కుటుంబం చింతలు లేని కుటుంబం అని ఒక లైను. పిల్లలు ఇప్పుడే వద్దనుకున్న మనిషి ఎక్కడికి పోవాలి, పోతే ఏం అడగాలి అన్నది మాత్రం ఆ వార్త మొత్తం వెతికినా దొరకదు. అందుకే రాస్తున్నా. ఉత్తరం పొడుగైంది, కత్తిరించుకోండి, కానీ సైడ్ ఎఫెక్టుల సంగతి మాత్రం కత్తిరించొద్దు.

మాది కాజీపేట. ప్రైవేటు స్కూల్లో టీచర్‌ని. బాబుకు రెండేళ్లు. ఇంకో బిడ్డ కావాలి గానీ నాలుగైదేళ్లు ఆగుదామని మేమిద్దరం అనుకున్నాం. ఇంత మామూలు సంగతికి ఇంట్లో వచ్చిన జవాబు, "ఎందుకు ఆగుడు, రెండోది కూడా కనేసి ఆపరేషన్ చేయించుకో, పనైపోతది" అని. మా యారాలు అదే చేసింది, పాతికేళ్లు నిండకముందే. మెడికల్ షాపుకు పోతే కలిసిన తర్వాత 72 గంటల్లోపు వేసుకునే మాత్ర కాగితంలో చుట్టి చేతిలో పెడతారు, నెలనెలా అదే మింగుతున్న వాళ్లు నాకు తెలిసే ఉన్నారు. అది ఎప్పుడో ఒకసారి అవసరానికి వేసుకునే మాత్ర అని షాపాయన చెప్పడు, మనం సిగ్గుతో అడగం.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో పెళ్లయిన ఆడవాళ్లు 100 మందిలో దాదాపు 38 మంది ఆపరేషన్ చేయించుకున్నవాళ్లే. లూప్ లేదా కాపర్ టీ, అంటే కడుపు నిలవకుండా గర్భసంచిలో పెట్టే చిన్న పరికరం, వేయించుకున్నవాళ్లు ఇద్దరు. మగవాళ్ల ఆపరేషన్ 0.3 శాతం, దాని గురించి మాట్లాడుకోవడం కూడా దండగ. మన తెలంగాణలో అయితే ఆడవాళ్ల ఆపరేషన్ల శాతం దేశ సగటు కంటే చాలా పైన ఉంది. ఆపరేషన్ చెడ్డదని నేననట్లేదు, లక్షల మంది చేయించుకుని పనులు చేసుకుంటూ బాగానే ఉన్నారు. కానీ 2022 ఆగస్టులో ఇబ్రహీంపట్నం క్యాంపులో ఒకే రోజు 34 మందికి చేస్తే నలుగురు తల్లులు చనిపోయారు, అది మర్చిపోయే విషయమా? ఇంకా పిల్లలు కావాలో వద్దో తేల్చుకోని వయసులో ఉన్న అమ్మాయికి ఉన్న దారులన్నీ చెప్పి, అందులో ఆపరేషన్ కూడా ఒకటి అనాలి. మన దగ్గర మాత్రం ముందే ఆపరేషన్ డేటు చెప్తారు.

నాకు కాపర్ టీ గురించి సరిగ్గా చెప్పింది హన్మకొండలో ఒక డాక్టరమ్మ. డ్రాయర్లోంచి సీల్ వేసిన కవరు తీసి బల్ల మీద పెట్టింది. లోపల ఇంగ్లీషు టీ అక్షరం ఆకారంలో తెల్లటి ప్లాస్టిక్ ముక్క, పొడవు మూడున్నర సెంటీమీటర్లు ఉంటుందేమో. కాడ చుట్టూ సన్నటి రాగి తీగ, రెండు చేతులకు చిన్న రాగి తొడుగులు, కొసకు రెండు దారాలు. ఇంతేనా అనిపించింది, నిజం చెప్పాలంటే ఇంకా పెద్దగా, భయంకరంగా ఊహించుకున్నా. సర్కారు దవాఖానల్లో ఇవి రెండు రకాలు ఉంటాయట. 380ఏ అనేది 10 ఏళ్లు, 375 అనేది 5 ఏళ్లు పనిచేస్తాయి, రెండూ ఉచితం. ఆ రాగి వీర్యకణాలను దెబ్బతీస్తుంది, అవి అండం దాకా చేరవు, కడుపు నిలవదు. వేయించుకున్న 100 మందిలో మొదటి ఏడాది గర్భం వచ్చేది ఒక్కరికి కూడా ఉండదు, అంటే దాదాపు ఆపరేషన్‌కు సమానం. పదేళ్లది వేశారు కదా అని పదేళ్లు ఉంచుకోవాలని రూలేం లేదు, ఎప్పుడు కావాలంటే అప్పుడు తీయించుకోవచ్చు, తీయగానే మళ్లీ గర్భం రావచ్చు. హార్మోన్లు లేవు కాబట్టి పాలిచ్చే తల్లి కూడా వేయించుకోవచ్చు, దీనివల్ల లావెక్కరు.

మరి ఇంత మంచిదైతే ఎవరూ ఎందుకు వేయించుకోరు? భయం. "గుండెకాయ దాకా ఎక్కుతది", "లోపల తుప్పు పడతది", "మీ ఆయనకు గుచ్చుకుంటది". స్టాఫ్ రూమ్‌లో ఒకరోజు ఈ మాట తీశానో లేదో, తలుపేసి మరీ ఇవన్నీ చెప్పారు, అందులో బీఎస్సీ చదివినవాళ్లు కూడా ఉన్నారు. రాగికి తుప్పు పట్టదు, గర్భసంచి నుంచి గుండెకు దారి లేదు. దారాలు కొన్నాళ్లకు మెత్తబడతాయి, అప్పటికీ గుచ్చుకుంటే ఇంకొంచెం కత్తిరిస్తారు. అయినా ఈ భయాన్ని ఊరికే కొట్టిపారేయలేం. మన దేశంలో లూప్ 1965లో మొదలైంది, అప్పుడు లెక్కల కోసం ఊళ్లకు ఊళ్లు వేసుకుంటూ పోయారు, తర్వాత బ్లీడింగ్ అయితే చూసేవాళ్లు లేరు. అమ్మమ్మల కాలంలో అట్లా పుట్టిన భయం మన దాకా వచ్చింది. వేసింది ఏందో, ఏమైతదో ముందే కూర్చోబెట్టి చెప్పి ఉంటే ఇంత ఉండేది కాదు.

అందుకే ఇబ్బందులు కూడా దాచకుండా రాయాలి. వేసేటప్పుడు కొద్ది నిమిషాలు బాగానే నొప్పి, కొందరికి కళ్లు తిరుగుతాయి. మొదటి మూడు నుంచి ఆరు నెలలు నెలసరిలో బ్లీడింగ్ ఎక్కువ అవుతుంది, కడుపునొప్పి ఉంటుంది, మధ్యలో మరకలు పడొచ్చు. చాలామందికి తర్వాత తగ్గుతుంది, కొందరికి తగ్గదు, వాళ్లు తీయించుకోవడమే మంచిది. 100 మందిలో సుమారు ఐదుగురికి దానంతటదే జారిపోతుంది, ఎక్కువగా మొదటి నెలల్లోనే, అందుకే దారాలు తగులుతున్నాయో లేదో నెలసరి తర్వాత చూసుకోవాలి. గర్భసంచికి రంధ్రం పడటం కూడా ఉంది, చాలా అరుదు, 1000కి ఒకరు అంటారు. జ్వరం, వాసన వచ్చే తెల్లబట్ట, దారం తగలకపోవడం, వీటిలో ఏదున్నా ఆగకుండా దవాఖానకు పోవాలి. నెల తప్పి పొత్తికడుపులో నొప్పి వస్తే అసలే ఆలస్యం చేయొద్దు, ఎందుకంటే ఇది ఉండగా గర్భం వస్తే ట్యూబులో నిలిచే అవకాశం ఎక్కువ. ఇక సుఖరోగాల నుంచి, హెచ్ఐవీ నుంచి ఇది కాపాడదు, దానికి నిరోధ్ ఒక్కటే. కారణం తెలియని బ్లీడింగ్ ఉన్నవాళ్లకు, అప్పటికే లోపల ఇన్ఫెక్షన్ ఉన్నవాళ్లకు వేయరు.

నాకు అన్నింటికంటే ముఖ్యం అనిపించింది రక్తం సంగతి. మన రాష్ట్రంలో సగానికి పైగా ఆడవాళ్లకు రక్తహీనత, ఇదీ ఆ సర్వేలోనే ఉంది. బ్లీడింగ్ పెంచే పరికరాన్ని రక్తం తక్కువున్న మనిషికి పరీక్ష కూడా చేయకుండా వేసేస్తే ఏమవుతుంది? ఆమె మూడో నెలకే నీరసపడి తీయించుకుంటుంది, వాడకట్టంతా కాపర్ టీ మంచిది కాదని చెప్తుంది, ఆమె మాటలో తప్పు కూడా ఉండదు. ముందు హిమోగ్లోబిన్ చూడాలి, తక్కువుంటే ఐరన్ మాత్రలు ఇచ్చి పెంచాలి. హార్మోన్ ఉండే రకం ఇంకొకటి ఉంది, దానితో బ్లీడింగ్ తగ్గుతుంది, కొందరికి నెలసరే ఆగిపోతుంది, ప్రమాదం లేదు. కానీ బయట వేయించుకుంటే వేలల్లో ఖర్చు, సర్కారు దవాఖానలో ఉచితంగా ఇచ్చేవి రాగివే. రక్తహీనత ఇంత ఉన్న చోట పేదవాళ్లకు కావాల్సింది ఆ హార్మోన్ రకమే కదా, వైద్యశాఖ దాన్ని ఉచితంగా ఎప్పుడు ఇస్తుందో అడిగి రాయండి. ఒక విచిత్రం చూడండి, చిన్న రాగి ముక్క పెట్టించుకోవడానికి భయపడే మనం, నలభై దాటకుండానే బ్లీడింగ్ అనో తెల్లబట్ట అనో గర్భసంచే తీసేయించుకోమంటే అప్పు చేసి మరీ తీయించుకుంటున్నాం.

ఇంకో సంగతి, ఇది కాస్త కోపంతోనే రాస్తున్నా. కాన్పు అయిన 48 గంటల్లోపే కాపర్ టీ వేసే పద్ధతి ఉంది, మంచిదే, మళ్లీ దవాఖానకు తిరిగే పని తప్పుతుంది. కానీ ఎప్పుడు అడుగుతున్నారు? మా స్కూల్ ఆయమ్మ కూతురికి ఒక దవాఖానలో కాన్పైంది. తనకు కాపర్ టీ వేశారన్న సంగతి ఆ పిల్లకు నెలల తర్వాత స్కానింగ్‌లో తెలిసింది. చెప్పాం, సంతకం పెట్టింది అంటారు వాళ్లు. నొప్పులు పడుతున్న మనిషి ఏ కాగితం మీదైనా సంతకం పెడుతుంది. తీయమని పోతే, "ఇంకా పదేళ్లు ఉంటది కదమ్మా, ఇప్పుడే ఎందుకు?" అని రెండుసార్లు తిప్పి పంపారట. ఇట్లాంటిది ఒక్కటి జరిగితే చాలు, ఆ ఊళ్లో ఆశ అక్క ఎంత మొత్తుకున్నా ఇంకెవరూ ముందుకు రారు. అడగాల్సింది ఏడో నెల చెకప్‌లో, భర్తతో సహా కూర్చోబెట్టి. వేశాక ఏ తేదీన వేశారో, ఏ రకమో, ఎప్పటిలోగా తీయాలో రాసిన కార్డు చేతికి ఇవ్వాలి. తీసేయమంటే ఎందుకు అనకుండా తీయాలి. మూడు నెలలకోసారి వేసే అంతర ఇంజెక్షన్, మొదటి మూడు నెలలు వారానికి రెండుసార్లు, తర్వాత వారానికోసారి వేసుకునే ఛాయ మాత్ర 2017 నుంచే సర్కారులో ఉచితంగా ఉన్నాయి, వాటి పేర్లు విన్నవాళ్లు మా స్టాఫ్ రూమ్‌లో ఒక్కరూ లేరు.

నా సంగతి చెప్పి ముగిస్తా. డాక్టరమ్మ రక్తపరీక్ష రాసింది, హిమోగ్లోబిన్ 9.4 వచ్చింది, తక్కువే. ముందు ఐరన్ మాత్రలు వాడి, రక్తం పెరిగాక నెలసరి అయిపోయే రోజుల్లో రమ్మంది. మావారు వస్తానన్నారు, బయట బెంచీ మీద కాదు, లోపల కూర్చుని అన్నీ వినాలని షరతు పెట్టా. వేయించుకుంటాననే అనుకుంటున్నా. అత్తమ్మకు ఇంకా చెప్పలేదు, ఆమె మీ పేపర్ రోజూ అక్షరం వదలకుండా చదువుతుంది, కాబట్టి దయచేసి నా పేరు వేయకండి.

ఇట్లు,
ఒక పాఠకురాలు, కాజీపేట