ఆదివారం ఓడలరేవులో మన బ్యాండ్ పాటలు

అందరికీ నమస్కారమండీ. ఆదివారం సాయంత్రం 4 గంటలకి ఓడలరేవు బీచ్‌లో మన కుర్రాళ్ళ బ్యాండ్ పాడుతోంది. ఏ కంపెనీ అండా లేకుండా సొంతంగా కట్టుకున్న పాటలు.

రెండు గిటార్లు, ఒక ఉకులేలే (చిన్న గిటార్ లాంటిది), నాలుగు గొంతులు. రెండోసారి పల్లవి వచ్చినప్పుడు కింది గొంతు నిలబడి ఉంటే పై గొంతు మెల్లగా ఎక్కుతుంది. అక్కడ చెవి పెట్టండి, ప్రాణం లేచొస్తుంది!

వచ్చేముందు బీచ్ బాయ్స్ పాటలు కొన్ని వినండి. 1961లో కాలిఫోర్నియాలో ముగ్గురు అన్నదమ్ములు, ఒక కజిన్, ఒక ఫ్రెండ్ మొదలుపెట్టిన బ్యాండ్. మనవాళ్ళకి గొంతులు కలపడం మీద మోజు అక్కడే పుట్టింది.

అమలాపురం వాళ్ళు 3కి బస్టాండ్ దగ్గరుండాలి. కారులో చోటున్నవాళ్ళు శుక్రవారంలోగా ఇక్కడే చెప్పండి. చాప, మంచినీళ్ళు ఎవరివి వాళ్ళే.

వైనతేయ గోదావరి పాయ సముద్రంలో కలిసే వైపు పిల్లల్ని నీళ్ళలోకి దింపొద్దండీ.