భీమిలి ఇంటి గాజు తలుపులకు తెరలు కుదిర్చిన వారందరికీ కృతజ్ఞతలు

భీమిలిలో సముద్రానికి ఎదురుగా ఉన్న మా చిన్న ఇంటిని సెలవులకు వచ్చే కుటుంబాలకు అద్దెకు ఇవ్వడం మొదలుపెట్టినప్పటి నుంచి, హాలులోని ఎనిమిది అడుగుల స్లైడింగ్ గాజు తలుపులకు ఏ తెర వేయాలో తేలక పడిన అవస్థ గత నెలతో తీరింది. అందుకు సాయపడిన మీ అందరికీ మా దంపతుల హృదయపూర్వక నమస్కారాలు.

విశాఖ తీరంలో వేసవి రోజుల్లో 5:30 కాకముందే సూర్యోదయమవుతుంది. తూర్పుముఖంగా ఉన్న ఆ గాజులోంచి ఎండ నేరుగా హాలులో పడుకున్నవారి ముఖాన పడేది. విశ్రాంతి కోసం వచ్చినవారు నిద్ర చాలక కళ్లు నలుపుకుంటూ లేవడం చూస్తే మాకు ప్రాణం ఉసూరుమనేది. మొదట వేసిన నిలువు పట్టీల బ్లైండ్లు సముద్రపు గాలికి కొట్టుకుని ఏడాదిలోపే కొక్కేలు విరిగాయి. తరవాత వేసిన నూలు కర్టెన్లకు తేమతో ముక్కవాసన పట్టింది, ఇనుప రాడ్ తుప్పు వాటి మీద మరకలు దింపింది.

కర్టెన్లు కుట్టే పెద్దాయన పూర్ణా మార్కెట్ నుంచి స్వయంగా వచ్చి, ధర మాట ఎత్తకముందే తలుపును నాలుగైదు సార్లు అటూ ఇటూ జరిపి, దాని పిడి గాజు నుంచి ఎంత ముందుకు పొడుచుకు వస్తుందో వేళ్లతో కొలిచి, చెవి మీది పెన్సిలు తీసి చట్రానికి అడుగు అవతల గోడ మీద గీత గీశారు. "ఇక్కడిదాకా రావాలి బాబూ. గుడ్డంతా గోడ మీదికి పోతేనే సముద్రం నిండుగా కనబడుతుంది" అన్నారు. మేము అంతకుముందు తలుపు వెడల్పుకే రాడ్ కోయించాము కాబట్టి, తెరిచినా కర్టెన్ మడతలు గాజును కమ్ముకుని పిడికి చిక్కుకునేవి. ఆ ఒక్క గీతతో మా తప్పు తెలిసింది. ఆయన మాట ప్రకారమే ఇనుము మానేసి, పౌడర్ కోటింగ్ వేసిన అల్యూమినియం ట్రాక్ బిగించాము.

రెండు పొరలు వేయమన్నది హైదరాబాదులో ఇంటీరియర్ పనిచేసే మా పిన్ని కూతురు. పగటికి ఐదు శాతం రంధ్రాలున్న ముదురు బూడిదరంగు స్క్రీన్ రోలర్ (పైన గొట్టానికి చుట్టుకునే జల్లిగుడ్డ తెర), రాత్రికి వెలుతురు చొరని పాలిస్టర్ కర్టెన్. లేత రంగు కంటే ముదురు రంగులోంచే బయటి దృశ్యం స్పష్టంగా కనిపిస్తుందన్న సంగతి, రాత్రి లోపల దీపాలు వెలిగితే స్క్రీన్ ఉన్నా ఒడ్డున నడిచేవారికి గది కనబడుతుందన్న సంగతి ఆమె చెప్పేదాకా మాకు తట్టలేదు. రోలర్‌ను ఒకటిగా కాక తలుపు రెక్కకొకటి చొప్పున రెండుగా చేయించమన్నదీ ఆమే. లేకపోతే బాల్కనీలోకి వెళ్లిన ప్రతిసారీ ఎనిమిది అడుగుల తెరనంతా ఎత్తవలసి వచ్చేది.

డాలస్‌లోని మా తమ్ముడు మాత్రం ఒక్క విషయమే పట్టుబట్టాడు. వేలాడే తాళ్లు పసిపిల్లల మెడకు చుట్టుకునే ప్రమాదం ఉన్నందున, అమెరికాలో 2024 జూన్ నుంచి కొలతకు చేయించుకునే తెరలకు కూడా అలాంటి తాళ్లు కూడదన్న ప్రమాణం వచ్చిందని చెప్పి, ఎవరి పిల్లలు వస్తారో తెలియని అద్దె ఇంట్లో రోలర్‌ను ఎత్తి దించే గొలుసు అసలే వద్దన్నాడు. అందుకే ఖర్చు కాస్త పెరిగినా, కింది అంచు పట్టీ పట్టుకుని దించే స్ప్రింగు రోలర్లే తీసుకున్నాము.

పోయిన వారం దిగిన కుటుంబంలోని మామ్మగారు ఎవరినీ అడగకుండా తెర తానే పైకి ఎత్తుకుని, కుర్చీ గాజు దగ్గరికి లాక్కుని, ఎనిమిది గంటల దాకా సముద్రం చూస్తూ కూర్చున్నారట. పెద్దాయనకు ఫోను చేసి ఆ మాట చెప్పి, ఇంటిల్లిపాదీ వచ్చి రెండు రోజులు ఉండమని అడిగాము. కార్తీకమాసంలో వస్తామన్నారు.